సెమ్మంగుట్టైలో సెంటు ధర

సెమ్మంగుట్టై,
కోయంబత్తూరు జిల్లా,
3 జూన్ 2024

పూజ్యులైన అక్కగారు జానకమ్మాళ్ గారి సముఖానికి, తమ్ముడు జగన్నాథన్ నమస్కరించి చేసుకునే విన్నపం.

విషయం: మా ఇంటికి తూర్పున ఉన్న ఏడు సెంట్ల స్థలం, అందులోని రెండు గదుల చిన్న ఇల్లు, వీటి విక్రయానికి ముందు రక్తసంబంధీకులను అడుగుట.

మన తాతగారు తన పొలం అమ్మేముందు దాయాదిని నోటిమాటగా అడిగి, ఆయన తల ఊపిన తీరును అంగీకారమని భావించి, పంతొమ్మిదేళ్ళు కోర్టు మెట్లెక్కిన సంగతి మీకు తెలుసు. ఆనాటినుండి మన ఇంట్లో ఆస్తి అమ్మదలచినవారు ముందుగా అయినవారిని స్వహస్తంతో, తెలుగులో, తపాలా ద్వారా అడగవలెననీ, వారు "నాకు అక్కరలేదు" అని అలాగే వ్రాసి ఇవ్వవలెననీ నియమం. ఫోనులో మీరు మీ మరదలు చెల్లమ్మాళ్‌తో ప్రతిరోజూ మాట్లాడుతున్నా, ఆ మాటలేవీ ఆస్తి విషయంలో చెల్లవు.

స్థలం గుణగణాలు చెప్పకుండా అడగడం మర్యాద కాదు గనుక చెబుతున్నాను. సెమ్మంగుట్టై నుండి కోయంబత్తూరు నడిబొడ్డుకు పదిహేను నిమిషాలు. రైలు ఆగుతుంది. గాలి స్వచ్ఛమైనది. నెమళ్ళు గేటు వరకు వస్తాయి. ఇక్కడ సెంటు ధర పదకొండేళ్ళ కిందట లక్షన్నర. నేడు ఎనిమిది లక్షలు. నివాసుల సంక్షేమ సంఘం కార్యదర్శిగా ఈ ధరను నేనే ప్రకటించాను గనుక ఇందులో సందేహానికి తావులేదు.

మీకు శ్రమ లేకుండా "నాకు అక్కరలేదు" అనే జవాబును నేనే వ్రాసి జతపరిచాను. సంతకం చేసి పంపితే చాలు.

ఇట్లు,
విధేయుడైన తమ్ముడు,
జగన్నాథన్


మదురై,
12 జూన్ 2024

చిరంజీవి జగన్నాథనుకు అక్క జానకమ్మాళ్ ఆశీర్వదించి వ్రాయునది.

నీ లేఖ చేరినది. జతపరిచిన కాగితాన్ని వాడుకోలేదు. అందులో సంతకానికి వదిలిన చోటు చాలా ఇరుకు. పైగా అందులోని జవాబు నాది కాదు.

నాకు కావాలి.

నీవు ఆశ్చర్యపడవచ్చు. నా సంగతి విను. మా వీధిపైన కట్టిన వంతెన పోయిన నెల తెరిచారు. అది నా పడకగది కిటికీకి సరిగ్గా ఎదురుగా, పది అడుగుల దూరంలో వెళుతుంది. పొద్దున ఏడున్నరకు బస్సులు అక్కడ బారులు తీరుతాయి. మొన్న టీవీలో వార్తలు చూస్తుండగా బస్సులోని ఒకావిడ కిటికీలోంచి, "అక్కా, కొంచం సౌండు పెట్టు!" అని కేకవేసింది. పెట్టాను. బస్సు కదిలాక మరో బస్సు వచ్చింది. వాళ్ళకు వేరే చానల్ కావలసి వచ్చింది.

ముప్పై ఒక్క సంవత్సరాలు దిండిగల్ స్టేషనులో టికెట్లు ఇచ్చినదాన్ని. రోజూ మదురైనుండి పోయి వచ్చినదాన్ని. ఒక ఊరు మంచిదా కాదా అని నన్నడిగితే, అక్కడ బండి ఆగుతుందా అని మాత్రమే అడుగుతాను. నీ ఊళ్ళో ఆగుతుందన్నావు. పదిహేను నిమిషాలన్నావు. ఇంత మంచి ఊళ్ళో పదకొండేళ్ళుగా ఉంటూ, నన్ను పిలవడానికి తాతగారి నియమం దాకా ఆగావే అనేది ఒక్కటే నా ఫిర్యాదు.

నిజం చెప్పాలంటే నెమళ్ళకోసం కూడా కాదు. నేను పెళ్ళి చేసుకోలేదు, ఉద్యోగం చేశాను. ఉద్యోగం ఉన్నంతకాలం కౌంటరు ముందు ఎవరో ఒకరు నిలబడేవారు. ఇప్పుడు వంతెన మీద వాళ్ళే. పక్క ఇల్లు నీదైతే చెల్లమ్మాళ్ కాఫీ కలిపే వాసన వస్తుంది. అది చాలు.

నా ఇంటికి కూడా బేరం వచ్చింది. పళ్ళ డాక్టరు.

ఆశీస్సులతో,
జానకమ్మాళ్


సెమ్మంగుట్టై,
20 జూన్ 2024

పూజ్యులైన అక్కగారికి,

సూచిక: మీ 12వ తేదీ లేఖ.

తమ అంగీకారం చదివి మిక్కిలి సంతోషించాను. సంతోషంలో రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

మా సంఘంలో అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడుతారు గాని చదవగలిగినవారు నేనుతప్ప ఒక్కరూ లేరు. కనుక తెలుగులో వ్రాసినంతవరకు కొన్ని చిన్న విషయాలను తీర్మానానికి భంగం కలగకుండా తమ దృష్టికి తేవచ్చునని భావిస్తున్నాను. తీర్మానం పద్నాలుగు ఇలా ఉంది: "నివాసులెవ్వరూ బయటివారి ఎదుట నీళ్ళు రాలేదని అనరాదు. అనక తప్పనప్పుడు 'నీళ్ళు దారిలో ఉన్నాయి' అనవలెను. ఖాళీ బిందెలు వీధివైపు ఉంచరాదు. ట్యాంకరు లారీని ప్రత్యేక సరఫరా వాహనమని పిలువవలెను." ధర అనేది మా అందరి ఉమ్మడి ఆరోగ్యం వంటిది. ఒకరు దగ్గితే అందరికీ అంటుకుంటుంది.

నీళ్ళు తొమ్మిది రోజులకొకసారి వస్తాయి.

పదిహేను నిమిషాల విషయం. ఆ కొలత నేనే స్వయంగా తీసినది, సత్యమైనది. అయితే అది 2020 ఏప్రిల్‌లో, ఊరంతా మూతబడి ఉండగా, కలెక్టరు కార్యాలయపు అనుమతి పత్రంతో బయలుదేరినప్పుడు తీసినది. దారిలో ఎదురైనది ఒక ఎద్దు. మామూలు రోజుల్లో పంపుసెట్ల కంపెనీలోని నా కుర్చీ చేరడానికి గంటా ముప్పావు పడుతుంది. రైలు ఆగేమాట నిజమే. ఉదయం ఐదూ యాభైకి ఒకటి, ఆరూ నలభైకి ఒకటి, సాయంత్రం ఒకటి. అది ఎప్పుడో తెలుసుకునే తీరిక నాకు కలగలేదు.

గాలి స్వచ్ఛమైనదే, పడమటినుండి వీచనంతవరకు. పడమట నగరపు చెత్త మైదానం ఉంది.

ఇవన్నీ ఆలోచించి, తమ వయసునూ మోకాళ్ళనూ దృష్టిలో ఉంచుకొని, నిదానంగా నిర్ణయించుకోగలరు. జవాబు మార్చుకోదలిస్తే నాకు అభ్యంతరం లేదు.

విధేయుడు,
జగన్నాథన్


మదురై,
30 జూన్ 2024

చిరంజీవి జగన్నాథనుకు,

నీ మంచి మనసు చూసి కళ్ళు చెమర్చాయి.

అమ్మేవాడు తన సరుకు లోపాలు తానే చెప్పుకోవడం నేను ఎన్నడూ ఎరగను. ఎందుకు చెప్పావో ఒక రోజంతా ఆలోచించాను. తెలిసింది. అక్కకు ధర తగ్గించి ఇవ్వాలని నీ కోరిక. నోటితో తగ్గిస్తానంటే నేను ఒప్పుకోనని తెలుసు. అందుకని నీళ్ళు లేవనీ, వాసన ఉందనీ కల్పించి, నేనే బేరమాడేటట్టు దారి వేస్తున్నావు. చిన్నప్పుడు కూడా ఇంతే. నీ వంతు పాలకోవా నాకివ్వాలనుకుంటే, చీమ పట్టిందని చెప్పేవాడివి.

తమ్ముడి దగ్గర ఒక్క రూపాయి కూడా తగ్గించుకోను. సెంటు ఎనిమిది లక్షలే. కార్యదర్శి ప్రకటించిన ధరను కార్యదర్శి అక్కే దించితే సంఘంలో నీ పరువేంకాను?

ఇక ఇంటి నియమం ప్రకారం నేనూ నిన్ను అడగాలి గదా. అడుగుతున్నాను. మదురైలోని నా ఇల్లు, కింద రెండు గదులు, మీద ఒకటి, వంతెన చూపుతో సహా, పళ్ళ డాక్టరుకు ఇవ్వదలచాను. రోగులు బస్సులోనుండే బోర్డు చదవగలరని ఆయనకు చాలా ఆనందం. నీకు అక్కరలేదని వ్రాసి పంపు. నీ పనివేళలు తెలుసు గనుక జవాబు నేను వ్రాసి జతచేయడం లేదు. ఒక్క ముక్కేగదా.

ఆగస్టు పదిహేనో తేదీలోపల రిజిస్ట్రేషను ముగిద్దాం.

ఆశీస్సులతో,
జానకమ్మాళ్


సెమ్మంగుట్టై,
9 జూలై 2024

పూజ్యులైన అక్కగారికి,

తమ 30వ తేదీ లేఖలో అడిగిన ప్రశ్నను అన్ని కోణాలనుండి పరిశీలించిన మీదట నా జవాబు ఏమనగా:

నాకు కావాలి.

మదురైలోని తమ ఇంటిని నేనే కొనదలచాను. కనుక నియమం ప్రకారం పళ్ళ డాక్టరు బేరాన్ని నిలుపుదల చేయగలరు. కొనుగోలు సొమ్ము సమకూర్చుకోవడానికి నాకు సుమారు ఆరేడు సంవత్సరాల వ్యవధి అవసరం కావచ్చు. అంతవరకు తాము ఆ ఇంట్లోనే కాపురముండి దానిని కాపాడవలసిందిగా కోరుతున్నాను.

వంతెన పక్కన ఇల్లు చాలా సౌకర్యమని పెద్దలు చెప్పగా విన్నాను.

విధేయుడు,
జగన్నాథన్


మదురై,
18 జూలై 2024

జగన్నాథనుకు,

ఏడేళ్ళ తరువాత డబ్బిస్తానన్న కొనుగోలుదారుని నేను ఎరిగినంతలో రైల్వేలో ప్రయాణం చేయనివ్వరు. దించేస్తారు. అయినా తమ్ముడివి గదా అని, నీకు మదురై మీద ఈ మోజు ఎందుకు కలిగిందో కనుక్కుందామని చెల్లమ్మాళ్‌కు ఫోను చేశాను.

"మదురైకా? అయ్యో వదినే, మేము కోయంబత్తూరు లోపల ఆర్.ఎస్. పురానికి గదా పోతుండాము! మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అడ్వాన్సు కట్టేసినారు. మీకు చెప్పలేదా?" అంది.

చెప్పలేదు.

ఆ తరువాత ఫోను పెట్టేసి, పదిహేనో తేదీన పాసు మీద దిండిగల్, పళని, పొల్లాచ్చి మీదుగా కోయంబత్తూరు వచ్చి, అక్కడ ప్యాసింజరు ఎక్కి మీ ఊళ్ళో దిగాను. నీకు చెప్పలేదు. నువ్వు చెప్పని చోట నేనూ చెప్పకపోవడం న్యాయమే గదా.

స్టేషను బయట మీ సంఘం అధ్యక్షుడు రత్నసభాపతి గారు నిలబడి ఉన్నారు. చేతిసంచితో దిగినవారందరినీ కొనుగోలుదారులుగానే భావిస్తారట. నేనెవరో అడగలేదు. ఎన్ని సెంట్లు కావాలని మాత్రం అడిగారు.

"నీళ్ళెట్లుంటాయి?" అన్నాను.

"దారిలో ఉండాయి అమ్మా."

"ఏ దారిలో?"

"వచ్చే దారిలో. అమ్మా, మీరు తప్పైన సమయంలో వచ్చినారు. ఈ ఊరిని చూసేకి ఒక సమయం ఉండాది."

"ఎప్పుడు?"

"వాన పడినాక, గాలి తూర్పు పక్కంనుండి వస్తా ఉంటే, ఆదివారం పూట."

అంతలో ట్యాంకరు లారీ మలుపు తిరిగింది. ఆయన రెండు చేతులూ ఎత్తి దానిని వెనక్కి పొమ్మన్నారు. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమి సార్, నిన్న రాలేదని తిట్టినారు, ఇప్పుడు వస్తే పొమ్మంటారు!" అన్నాడు. ఒక్క నిమిషంలో ప్రతి గుమ్మంలోనూ ఒక బిందె ప్రత్యక్షమైంది. రత్నసభాపతి గారు ఆకాశం చూశారు.

"మీ కార్యదర్శి ఎటువంటివారు?" అని అడిగాను.

"జగన్నాథనా? బంగారమైన మనిషి. సెంటు ఎనిమిది లక్షలని చెప్పినది ఆయనే. సాయేదాకా ఈ ఊరు విడవనని పోయిన సంఘం కూటంలో మాట ఇచ్చినారు."

అక్కడినుండి నీ ఇంటికి వచ్చాను. చెల్లమ్మాళ్ అట్టపెట్టెల నడుమ కూర్చుని గిన్నెలు కాగితంలో చుడుతోంది. నన్ను చూసి, "వదినే, ముందే చెప్పి ఉంటే కాఫీకి నీళ్ళు పట్టి పెట్టుందును గదా!" అని ఏడ్చింది. పక్కింట్లో అడిగి తెచ్చి కాఫీ ఇచ్చింది. మంచి కాఫీ.

వాసనకూ నీళ్ళకూ నేను కోపగించుకోలేదు. అవి నువ్వు వ్రాశావు, నేనే నమ్మలేదు. నేను కొంటానన్నది నీ పక్కింటిని. ఆ పక్కన నువ్వుండవని వ్రాయలేదు. ఇన్నేళ్ళలో, లేని బండికి టికెట్టు నేను ఎవరికీ ఇవ్వలేదు.

జానకమ్మాళ్


సెమ్మంగుట్టై,
25 జూలై 2024

అక్కా,

ఈ లేఖకు విషయం, సూచిక లేవు.

మీరు వద్దంటారనుకొని అడిగాను. ముందు ఈ ఏడు సెంట్లకు వద్దంటే, తరువాత మేముండే పెద్ద ఇంటికి కూడా అలాగే వద్దనిపించుకుని, రెండూ అమ్మి, ఆర్.ఎస్. పురంలో చేరాక మెల్లగా చెప్పవచ్చుననుకున్నాను. మీరు వస్తానన్నప్పుడే నిజం చెప్పవలసింది. చెప్పలేక నీళ్ళ గురించి చెప్పాను. మీ ఇల్లు అమ్మకుండా ఆపాలని నేనే కొంటానన్నాను. నా దగ్గర డబ్బు లేదని మీకు తెలియదనుకున్నాను.

పదకొండేళ్ళుగా మూడు నెలలకొకసారి ఈ ఊరి ధరల ప్రకటన వ్రాస్తున్నాను. ఎవరో ఆరున్నరకు అమ్మితే ఏడని వ్రాసేవాణ్ణి. మరుసటివాడు ఏడు చెప్పి అమ్మేవాడు. అప్పుడు నా మాట నిజమైనట్టే గదా? నెమళ్ళ గురించి ఎనిమిదిసార్లు వ్రాశాను. రెండుసార్లు చూశాను. పొద్దున చీకటితో పోయి, చీకటిపడ్డాక వస్తాను. ఎనిమిది లక్షల సెంటు మీద నేను చేసేది నిద్ర మాత్రమే. ఆఫీసు దగ్గర ఉంటే మిగిలిన మూడేళ్ళ ఉద్యోగం ఎలాగో గడుస్తుందని ఆశపడ్డాను.

మార్చి నెలాఖరులోపల ఈ ఇల్లు అమ్ముడుపోవాలి, లేకపోతే ఫ్లాటు చేజారుతుంది. కనుక మీరు రాకండి. ఎవరూ లేని ఇంటి పక్కన మిమ్మల్ని వదిలి పోలేను. పోకుండా ఉండాలనీ లేదు.

క్షమించాలి.

జగన్


మదురై,
1 ఆగస్టు 2024

జగన్నాథనుకు,

మన ఇంట్లో వ్రాసి ఒప్పుకున్నదాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. తాతగారి కోర్టు ఖర్చులు ఊరికే పోకూడదు.

నువ్వు నా ఇల్లు కొంటానన్న మాటను మాత్రం చెల్లని టికెట్టుగా రద్దు చేశాను. పళ్ళ డాక్టరు పదో తేదీ వస్తున్నాడు. నేను ఇరవయ్యో తేదీ వస్తున్నాను.

సాయంత్రపు బండి ఎన్నింటికో కనుక్కోలేదన్నావు. కోయంబత్తూరులో ఐదూ నలభైకి. పదకొండేళ్ళుగా ఆగుతోంది.

జానకమ్మాళ్


సెమ్మంగుట్టై నివాసుల సంక్షేమ సంఘం
కార్యదర్శి కార్యాలయం (పడమటి పక్క ఇల్లు)
4 డిసెంబరు 2024

రిజిస్టర్డ్ తపాలా ద్వారా

స్వీకర్త: జానకమ్మాళ్ గారు, తూర్పు పక్క ఇల్లు.

విషయం: సంజాయిషీ కోరుట.

తాము సంఘ సభ్యత్వం పొందిన నాటినుండి తీర్మానం పద్నాలుగును ఉల్లంఘిస్తున్నట్లు అధ్యక్షులు రత్నసభాపతి గారు ఫిర్యాదు చేశారు. తాము తమ గేటుకు ఒక పలకను తగిలించి, అందులో నీళ్ళు వచ్చే రోజులు, ట్యాంకరు వేళలు, పడమటి గాలి వీచే గంటలు, రైళ్ళ రాకపోకలు తమిళంలో, రైల్వే పద్ధతిలో వ్రాసి ఉంచారు. గత నెలలో నా ఇంటిని చూడవచ్చిన ఇద్దరు కొనుగోలుదారులు ఆ పలకను చదివి, నా గేటు తెరవకుండానే తిరిగిపోయారు. గత ఆదివారం వచ్చిన మూడో వ్యక్తితో తాము ముప్పావుగంట సంభాషించినట్లు సమాచారం. ఆయన ఏమైనదీ తెలియదు.

ధర సెంటుకు ఎనిమిది లక్షలనుండి ఏడుంబావుకు దిగిందని అధ్యక్షులు ఆందోళన చెందుతున్నారు. ఏడు రోజులలోపు సంజాయిషీ ఇవ్వగలరు. పలకను తొలగించగలరు.

ఈ నోటీసును పదకొండు అడుగుల దూరానికి చేతితో ఇవ్వవచ్చునుగాని, విధానం అనుమతించదు.

కార్యదర్శి

మరొక మాట: చెల్లమ్మాళ్ చేసిన చేపల కుళంబు గిన్నె గోడమీద పెట్టింది. చల్లారకముందే తీసుకోండి.


తూర్పు పక్క ఇల్లు,
సెమ్మంగుట్టై,
10 డిసెంబరు 2024

కార్యదర్శిగారికి,

తమ నోటీసు కోయంబత్తూరు పెద్ద తపాలా కార్యాలయం చూసుకుని ఆరో రోజున చేరినది. కుళంబు ఆనాడే ముగిసింది. ఉప్పు కొంచెం తక్కువ.

సంజాయిషీ ఇది.

పలక తొలగించను. స్టేషనులో బండ్ల వేళలు వ్రాసి పెట్టడం నేరమైతే నేను ముప్పై ఒక్క సంవత్సరాల నేరస్తురాలిని. రత్నసభాపతి గారు కూడా రోజూ పొద్దున వచ్చి, అటూ ఇటూ చూసి, అందులోనే నీళ్ళ రోజు చదువుకుని పోతున్నారు. సంఘంలో చెప్పకండి అమ్మా అన్నారు.

రెండో సంగతి. నా మాట విని ఆరూ నలభై బండిలో పోయి, ఐదూ నలభై బండిలో వస్తున్నావు. మోటారుసైకిల్ మీద పోయినదానికన్నా ఒక్కో పూటకు నలభై నిమిషాలు మిగులుతున్నదని నువ్వే చెప్పావు. ఆ నలభై నిమిషాలు నా వసారాలో కూర్చుని ఊరిని తిట్టడానికే వాడుతున్నావు. నాకేం అభ్యంతరం లేదు.

మూడు. శుక్రవారం నేనూ చెల్లమ్మాళూ ఆర్.ఎస్. పురం పోయి నీ ఫ్లాటు చూసి వచ్చాము. మూడు అంతస్తులు ఎక్కేసరికి ఆమె మెట్లమీద కూర్చుని, "వదినే, ఇక్కడ నీళ్ళు రోజూ వస్తాయి సరే, నేను రోజూ ఎట్ల వచ్చేది?" అంది. అడ్వాన్సులో ముప్పాతిక భాగం తిరిగి ఇస్తామన్నారు. ఇంకా తీసుకోలేదు. నీకు చెప్పాలి గదా అని ఆగాము.

పెద్ద ఇల్లు అమ్మదలచినట్లు నన్ను ఇప్పటికీ వ్రాతమూలకంగా అడగలేదు. ఎందుకు అడగలేదో తెలుసు. నేను కావాలంటానని భయం.

చివరగా ఆ మూడో మనిషి. పేరు కణ్ణన్. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. పలకను మొదటినుండి చివరిదాకా చదివారు. తొమ్మిది రోజులు, ట్యాంకరు, గాలి, అన్నీ. తరువాత ఆ అమ్మాయి నన్నడిగింది, "ఇంత తెలిసీ మీరు ఎందుకమ్మా ఇక్కడ ఉండారు?"

"తమ్ముడు పక్కింట్లో ఉండాడు," అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతను గోడ ఇవతలా అవతలా చూసి, "మా అక్క ఈరోడ్‌లో ఒంటిగా ఉండాది అమ్మా. ఎనిమిది ఊళ్ళు చూసినాము. లోపం ఇంత ఒప్పుకున్న ఊరు ఇది ఒకటే. ఆ పడమటి ఇంటికి చెప్పిన ధర ఇస్తాము, ఎనిమిది అయినా సరే," అన్నాడు.

ఎదురువీధిలో రెండు ఇళ్ళు ఖాళీ ఉన్నాయని చూపించాను. ఆ పడమటి ఇల్లు అమ్మకానికి లేదని చెప్పి పంపించాను.

ఇట్లు,
జానకమ్మాళ్